మట్టిలో దొరికిన సీసపు గుండు ఏ కాలానిది?

ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో మెటల్ డిటెక్టర్‌తో వెతికేవారివి కొంతకాలంగా ఎక్కువయ్యాయి. వారిలో చాలామంది అడిగేది పాత సీసపు తూటాల గురించే కాబట్టి ఈసారి జవాబులన్నీ వాటికే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: యజమాని అనుమతితో దున్నిన పొలంలో వెతుకుతుండగా జానెడు లోతులో ఒక సీసపు గుండు దొరికింది. ఒకవైపు గుండ్రంగా, రెండోవైపు చదునుగా ఉంది. బాగా వెడల్పుగా ఉన్నచోట 19.5 మి.మీ., చదునైన దిశలో 14 మి.మీ. ఉంది. బరువు 30.6 గ్రాములు. పైన తెల్లటి పూత గట్టిగా పట్టి ఉంది. పూత ఇంత మందంగా ఉంది కాబట్టి కనీసం రెండు వందల ఏళ్ళ నాటిదని ఒకరు చెప్పారు. అది నమ్మవచ్చా? ఇది ఏ తుపాకిది?

జవాబు: ముందుగా ఆ పూత సంగతి చూద్దాం. ఎక్కువమంది పొరబడేది అక్కడే. కొత్తగా కోసిన సీసం వెండిలా మెరుస్తుంది. గాలి తగలగానే బూడిదరంగుకు తిరుగుతుంది. మట్టిలో తేమ, బొగ్గుపులుసు వాయువు తోడైనప్పుడు పైన సీసపు కార్బనేట్లు ఏర్పడి తెల్లగానో, మీగడ రంగులోనో కనిపిస్తాయి. ఈ మార్పు ఎంత వేగంగా జరుగుతుందన్నది మట్టి గుణాన్ని బట్టి ఉంటుందే తప్ప సంవత్సరాల లెక్కను బట్టి కాదు. ఒకచోట కొన్ని దశాబ్దాలకే దళసరి తెల్లపూత పడుతుంది, మరొకచోట శతాబ్దాల నాటి గుండు కూడా పలుచని బూడిదరంగు పొరతోనే బయటపడుతుంది. కాబట్టి పూతను చూసి నిన్న మొన్నటిది కాకపోవచ్చు అనుకోవచ్చు గాని రెండు వందల ఏళ్ళని లెక్క కట్టడం కుదరదు. లోతు కూడా అంతే. ఏటా నాగలి తిరగేసే నేలలో జానెడు లోతుకు కాలనిర్ణయంలో ఏ విలువా లేదు.

మీరు బరువు తూచి రాయడం ఎంతో మేలు చేసింది. దెబ్బ తిని చదునైన గుండు వ్యాసాన్ని కాలిపర్స్‌తో కొలిచి లాభం లేదు, ఎందుకంటే ఏ వైపు కొలిచినా అది అసలు కొలత కాదు. ఆకారం చెదిరినా బరువు మాత్రం దాదాపుగా నిలుస్తుంది. సీసం సాంద్రత ఘన సెంటీమీటరుకు 11.34 గ్రాములు. దీని ప్రకారం గ్రాముల్లో ఉన్న బరువును 168తో గుణించి, వచ్చిన సంఖ్యకు ఘనమూలం కడితే ఆ గుండు మొదట ఎన్ని మిల్లీమీటర్ల వ్యాసంతో ఉండేదో తెలుస్తుంది. మీ గుండుకు 17.3 మి.మీ. వస్తుంది. అయితే చేత్తో పోసిన గుండ్లలో గాలి బుడగలుంటాయి, సీసమూ ఎప్పుడూ శుద్ధమైనది కాదు. అమెరికాలోని న్యూజెర్సీలో 1778లో మన్మత్ యుద్ధం జరిగిన నేలలో దొరికిన గుండ్లను ఆధారం చేసుకుని డేనియల్ సివిలిచ్ అనే పరిశోధకుడు ఇటువంటి సూత్రమే ఇచ్చారు. దాన్ని మిల్లీమీటర్లలోకి మారిస్తే 168 ఉన్నచోట దాదాపు 182 వస్తుంది. ఆ లెక్కన మీ గుండు 17.7 మి.మీ. అవుతుంది. అసలు వ్యాసం ఈ రెంటి నడుమ, 17.5 ప్రాంతంలో ఉండేదని ధైర్యంగా అనుకోవచ్చు.

ఇక్కడ ఒక చిక్కుంది. గుండు వ్యాసమూ తుపాకి గొట్టం లోపలి వ్యాసమూ ఒకటి కావు. మూతివైపు నుంచి దట్టించే పాత తుపాకుల్లో నాలుగైదు సార్లు కాల్చేసరికి మందు మసి గొట్టం లోపల పేరుకుపోయేది. బిగుతైన గుండు అయితే లోపలికి దిగదు. అందుకని గుండును గొట్టం కంటే ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్లు చిన్నదిగా పోసి, కాగితపు పొట్లంలో మందుతో కలిపి చుట్టేవారు. బ్రిటిష్ సైన్యం 1720ల నుంచి 1830ల దాకా వాడిన చెకుముకి మస్కెట్‌కు, అంటే గొట్టం లోపల గాడులు లేని పొడవాటి తుపాకికి, బ్రౌన్ బెస్ అని పేరు. దాని గొట్టం లోపలి వ్యాసం 19 మి.మీ. అయితే గుండు 17.5 మి.మీ. దగ్గర ఉండేది. పౌండు సీసానికి 14 గుండ్లు, అంటే ఒక్కొక్కటి 32 గ్రాములకు కాస్త ఎక్కువ. అదే కాలపు ఫ్రెంచి మస్కెట్ గొట్టం 17.5 మి.మీ., దాని గుండు 16 నుంచి 16.6 మి.మీ., బరువు 24 నుంచి 27 గ్రాములు. గుండు వ్యాసమే 17.5 వచ్చింది గదా అని దాన్ని ఫ్రెంచి తుపాకికి అంటగట్టిన వారిని నేను చూశాను. ఆ గుండు ఆ గొట్టంలో దిగనే దిగదు. మీది బ్రిటిష్ కొలతకు దగ్గరగా ఉంది.

దగ్గరగా ఉంది అనే అంటున్నాను, అదే అనడం లేదు. పౌండుకు ఇన్ని అనే లెక్కతోనే వేట తుపాకుల గొట్టాలను కూడా కొలిచేవారు. ఈనాటికీ పన్నెండు బోరు అంటే ఆ గొట్టానికి సరిపడే గుండ్లు పౌండు సీసానికి పన్నెండు వస్తాయని అర్థం, అంటే సుమారు 18.5 మి.మీ. కాబట్టి మీ గుండును సైనికుడే కాల్చాడని బరువు ఒక్కటే రుజువు చేయదు. పెద్ద జంతువు కోసం వేటగాడు కాల్చింది కూడా కావచ్చు.

ఇప్పుడు భూతద్దం తీసుకోండి. గదిలో దీపాలు ఆర్పి, చిన్న టార్చిని గుండుకు ఒక పక్క నుంచి, దాదాపు నేలబారుగా పట్టుకుని గుండును నెమ్మదిగా తిప్పండి. పైనుంచి పడే వెలుతురులో కనిపించనివి ఏటవాలు వెలుతురులో నీడలు పడి బయటపడతాయి. మొదట వెతకవలసింది అచ్చు గీత. గుండును రెండు చిప్పల అచ్చులో పోసేవారు. ఆ చిప్పలు కలిసినచోట గుండు చుట్టూ సన్నని అతుకు మిగులుతుంది. చిప్పలు సరిగా కుదరకపోతే ఒక సగం పక్కకు జరిగి, అతుకు దగ్గర చిన్న మెట్టులా ఉంటుంది. ఆ గీత మీదే ఎక్కడో ఒకచోట కరిగిన సీసాన్ని పోసిన ద్వారం గుర్తు ఉంటుంది. అక్కడ గడ్డకట్టిన తొడిమను పట్టుకారుతో కత్తిరించినప్పుడు మిగిలిన చిన్న గుండ్రని చదును అది. కొన్నిటిలో కత్తెర రెండు అంచులూ కలిసినచోట సన్నని గట్టు కూడా నిలిచి ఉంటుంది. ఇవి కనిపిస్తే పోత గుండు అని తేలుతుంది. ఇవేవీ లేకుండా అన్నివైపులా నున్నగా, కచ్చితమైన గోళంగా ఉంటే ఒక అయస్కాంతం దగ్గర పెట్టి చూడండి. యంత్రాల బేరింగులలోని ఉక్కు గుండ్లు తుప్పు పట్టి, మట్టి అంటుకుని, మస్కెట్ గుండ్లుగా చెలామణి అవుతుంటాయి. ఉక్కును అయస్కాంతం లాగుతుంది, సీసాన్ని లాగదు.

మీ గుండు చదునైన ముఖం అది కాల్చినదేనని చెబుతోంది. చేతిలోంచి జారిపడినంత మాత్రాన సీసం అంతగా చదును కాదు. చదును కాని సగం మీద నడుము పట్టీలాగా నున్నని వలయం కనిపిస్తుందేమో చూడండి. గొట్టం గోడను ఒరుసుకుంటూ వెళ్ళినచోట అటువంటి పట్టీ పడుతుంది. గుడ్డ నేత అచ్చు కనిపిస్తే మాత్రం కథ వేరే అవుతుంది. లోపల మెలిక గాడులున్న వేట రైఫిళ్ళలో గుండును నూనె గుడ్డలో చుట్టి బిగించేవారు, ఆ పడుగు పేకల ముద్ర సీసం మీద నిలిచిపోతుంది.

కాలం విషయానికి వస్తే, సాదా గుండ్రని సీసపు గుండు తేదీ చెప్పడంలో అన్నిటికంటే పిసినారి. చేతి తుపాకులు పుట్టినప్పటి నుంచి 19వ శతాబ్దం మధ్య దాకా దాని రూపం మారలేదు, ఆ తరువాత కూడా ఇష్టపడి వాడేవారు మానలేదు. మీ గుండుకు నేను రాసివ్వగలిగేది ఇంతవరకే: 19 మి.మీ. ప్రాంతపు గొట్టం నుంచి వచ్చింది, కాల్చినది, 18వ శతాబ్దం లేదా 19వ శతాబ్దం మొదటి సగానిది అయ్యే అవకాశం ఎక్కువ. దీనికంటే దగ్గరి తేదీ కావాలంటే అది గుండులో దొరకదు, అదే పొలంలో దాని చుట్టుపక్కల ఇంకేం దొరికాయన్న దానిలో దొరుకుతుంది. మీ ఉత్తరంలో ఆ మాటే లేదు. దయచేసి మళ్ళీ రాయండి.

ప్రశ్న: నాకు దొరికినది గుండ్రంగా లేదు, కొన తేలిన కోడిగుడ్డులా ఉంది. అడుగున శంఖాకారపు గుంట ఉంది. అడుగుకు కాస్త పైన చుట్టూ మూడు గాడులున్నాయి. అడుగు వ్యాసం 14.6 మి.మీ., పొడవు 26 మి.మీ., బరువు 31.5 గ్రాములు. ముక్కు మీద సన్నని వలయం ఒకటి అచ్చుపడి ఉంది. ఇది మీనియే తూటాయేనా? దీన్ని కాల్చారా లేక ఎవరిదైనా జారిపడిందా?

జవాబు: అవును, ఇది మీనియే జాతి తూటా. మీ కొలతలు అంత స్పష్టంగా ఉన్నాయి. ఇది గుండ్రని గుండు కంటే ఎంతో ఉదారంగా తన తేదీ చెబుతుంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

గొట్టంలో మెలిక గాడులు ఉంటే గుండు తన చుట్టూ తాను తిరుగుతూ వెళ్ళి గురి తప్పదన్న సంగతి అందరికీ తెలిసినా, అటువంటి గొట్టంలోకి బిగుతైన గుండును మూతి నుంచి దట్టించడం యుద్ధంలో సైనికుడికి తలకు మించిన పని అయ్యేది. ఈ చిక్కును 1849లో ఫ్రెంచి సైనికాధికారి క్లోద్ ఎతియెన్ మీనియే విప్పారు. తూటా గొట్టం కంటే చిన్నది, కాబట్టి సులువుగా జారుతుంది. అడుగున గుంట ఉంటుంది, అందులో ఇనప గిన్నె. మందు పేలగానే ఆ గిన్నె ముందుకు దూసుకువచ్చి మెత్తని సీసపు అంచును బయటికి విచ్చుకునేలా చేస్తుంది, ఆ అంచు గాడులను పట్టుకుంటుంది. తరువాత అమెరికాలోని హార్పర్స్ ఫెర్రీ ఆయుధశాలలో జేమ్స్ బర్టన్ గుంట కొలతలు సరిచేసి, గిన్నె అవసరమే లేదని, మందు వాయువుల ఒత్తిడే అంచును విచ్చుకునేలా చేస్తుందని చూపారు. అమెరికా సైన్యం 1855లో స్వీకరించింది ఆ రూపాన్నే. 0.58 అంగుళపు గొట్టానికి, సుమారు 32 గ్రాముల బరువుతో, మూడు గాడులతో తయారైన ఆ తూటాలను 1861 నుంచి 1865 వరకు జరిగిన అమెరికా అంతర్యుద్ధంలో లెక్కకు మిక్కిలిగా కాల్చారు. మీ కొలతలు సరిగ్గా దానికే అమరుతున్నాయి. చుట్టూ ఉన్న ఆ గాడులలో కొవ్వు, మైనం కలిపిన జిడ్డు ఉండేది. గొట్టంలోని మసిని మెత్తబరచడం దాని పని.

ఇదే కాలపు బ్రిటిష్ ఎన్‌ఫీల్డ్ రైఫిల్, అంటే 1853 నమూనా, గొట్టం కొలతలో దీనికి దాదాపు సమానమే అయినా దాని తూటా పక్కలు పూర్తిగా నున్నగా ఉంటాయి. మొదట 14.4 మి.మీ., తరువాత 14 మి.మీ. వ్యాసం, బరువు 34 గ్రాములు, అడుగు గుంటలో తరువాతి కాలంలో కర్ర బిరడానో కాల్చిన మట్టి బిరడానో పెట్టారు. నున్నగా ఎందుకుందంటే దాని జిడ్డు తూటా మీద కాక దాన్ని చుట్టిన కాగితం మీద ఉండేది, తూటాను ఆ కాగితంతో సహా గొట్టంలోకి దింపేవారు. 1857లో సిపాయిలు పంటితో కొరకమన్నారని కలతపడింది ఆ జిడ్డు కాగితం గురించే. తూటా నున్నగా ఉండడానికీ చరిత్రలో అంత పెద్ద సంగతికీ ఉన్న ఈ ముడి, అటువంటి తూటా చేతిలోకి వచ్చిన ప్రతిసారీ నాకు గుర్తొస్తుంది. ఆస్ట్రియా వారి 1854 నాటి లొరెంజ్ రైఫిల్ తూటాను మరో గుర్తుతో పోల్చుకోవచ్చు. అది 13.9 మి.మీ. గొట్టానిది, అడుగు గుంట లేకుండా గట్టిగా ఉంటుంది, రెండు లోతైన గాడులు ఉంటాయి, పేలినప్పుడు అది నిలువునా నొక్కుకుపోయి వెడల్పవుతుంది.

ఇక కాల్చారా లేదా అన్న ప్రశ్న. ముక్కు మీది సన్నని వలయం గజం గుర్తు. గజం అంటే తూటాను గొట్టంలోకి దట్టించే ఇనప కడ్డీ. దాని కొస గుంటగా ఉండి తూటా ముక్కును చుట్టి పట్టుకుంటుంది కాబట్టి ఆ అంచు సీసంలో వలయంగా దిగుతుంది. అంటే మీ తూటా ఎవరి జేబులోంచో జారిపడింది కాదు, ఒక తుపాకిలోకి మాత్రం దిగింది. పేలిందా లేదా తేల్చేది పక్కలు. మూడు గాడుల నడుమ ఉన్న గట్ల మీద ఏటవాలుగా సాగే వెడల్పాటి గీతలున్నాయేమో చూడండి. ఎన్‌ఫీల్డ్‌లోనూ అమెరికా సైన్యపు స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిల్‌లోనూ గొట్టం లోపల మూడేసి గాడులే ఉండేవి కాబట్టి పేలిన తూటా మీద చుట్టూ సమదూరంలో మూడు ఉబ్బెత్తు పట్టీలు కనిపిస్తాయి. అడుగు అంచు కొద్దిగా విచ్చుకుని ఉంటుంది. గట్లు పదునుగా, అంచు గుండ్రంగా చెక్కుచెదరకుండా ఉండి, ముక్కు నడిమధ్య మరమేకు దిగినట్టు మెలిక రంధ్రం ఉంటే, దట్టించిన తూటాను కాల్చకుండా గజానికి మర బిగించి వెనక్కి లాగేశారన్న మాట. కాపలా దిగిన సైనికుడో, మందు తడిసి పేలని తుపాకి ఉన్నవాడో అలా చేసేవాడు. కాల్చిన తూటా కంటే అటువంటిదే నాకు ఎక్కువ మనసుకు పడుతుంది. ఆ రంధ్రంలో ఒక మనిషి చేతి పని ఇంకా కనిపిస్తూ ఉంటుంది.

తేదీ రాసేటప్పుడు ఒక నియమం పాటించండి. ఒక నమూనా ఏ ఏడు పుట్టిందో తెలిస్తే తూటా అంతకు ముందుది కాదని మాత్రమే తెలుస్తుంది. మీది 1855కు ముందుది కాదు. తరువాతి హద్దును అంత గట్టిగా గీయలేం. సైన్యం వదిలేసిన తుపాకులు వేటకూ కాపలాకూ ఎన్నో ఏళ్ళు వాడుకలో ఉన్నాయి. అవే అచ్చులతో ఈనాటికీ తూటాలు పోసి కాల్చే ఔత్సాహికులు, పాత యుద్ధాలను ప్రదర్శించి చూపే బృందాలు ఉన్నాయి.

దీని తరువాతి తరం గురించి కూడా రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే సీసం కనిపిస్తే చాలు పాతదే అనుకునేవారున్నారు. 1871లో బ్రిటిష్ సైన్యం స్వీకరించిన మార్టిని హెన్రీ రైఫిల్ తూటా సన్నగా పొడవుగా 11.5 మి.మీ. ప్రాంతంలో ఉండి, 31 గ్రాములు తూగుతుంది. పన్నెండు పాళ్ళ సీసానికి ఒక పాలు తగరం కలిపి గట్టిపరచారు, పక్కలు నున్నగా ఉంచి కాగితం చుట్టారు. 1882లో స్విట్జర్లాండుకు చెందిన ఎడ్వర్డ్ రూబిన్ రాగి తొడుగు ఉన్న తూటాను రూపొందించారు. 1886లో ఫ్రెంచివారి లెబెల్ రైఫిల్ పొగరాని మందుతో వచ్చింది. ఆ మందు ఇచ్చే వేగానికి ఒట్టి సీసం గాడుల్లో చీరుకుపోతుంది కాబట్టి అక్కడి నుంచి సైనిక రైఫిల్ తూటాలన్నీ గట్టి లోహపు తొడుగులోకి మారాయి. అందువల్ల తొడుగు లేని పెద్ద సైనిక రైఫిల్ తూటా సాధారణంగా 1890కి ముందుది. కాని ఈ నియమం పిస్తోళ్ళకు, చిన్న రైఫిళ్ళకు వర్తించదు. ఐదున్నర మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువ వ్యాసంతో, 2.6 గ్రాముల బరువుతో దొరికే చిన్న సీసపు తూటా 1887లో వచ్చిన పాయింట్ టూ టూ లాంగ్ రైఫిల్ అనే తూటా రకానిది. అది ఈ వేళ కూడా తయారవుతోంది. అది పోయిన ఏడాది పడి ఉండవచ్చు, వంద ఏళ్ళ కిందటా పడి ఉండవచ్చు.

ప్రశ్న: ఒకే చోట పదిహేను దాకా సీసపు గుండ్లు దొరికాయి. అన్నీ 12.5 మి.మీ. ప్రాంతంలో, ఒక్కొక్కటి 11 గ్రాములు. ప్రతిదాని మీదా మూడు నాలుగు చిన్న చదును ముఖాలున్నాయి. మామూలు సీసం కంటే గట్టిగా అనిపిస్తున్నాయి. పాత పిస్తోలు గుండ్లా?

జవాబు: కావు. దయచేసి ఆ చోట ఇక తవ్వవద్దు. ఇవి ష్రాప్‌నెల్ గుండ్లు. ఫిరంగి గుండు లోపల చిన్న గుండ్లు నింపి, శత్రువు తలమీద గాలిలో పేలేలా చేసే ఆలోచన బ్రిటిష్ ఫిరంగి దళాధికారి హెన్రీ ష్రాప్‌నెల్‌ది. 1803లో బ్రిటిష్ సైన్యం దాన్ని స్వీకరించింది. మొదటి ప్రపంచయుద్ధం నాటికి ఆ గుండ్లకు సీసంలో యాంటిమనీ కలిపి గట్టిపరచేవారు. పద్దెనిమిది పౌండ్ల బ్రిటిష్ ఫిరంగి గుండు ఒక్కదానిలో సుమారు 375 ఉండేవి, పౌండుకు 41 చొప్పున, అంటే ఒక్కొక్కటి మీరు తూచిన 11 గ్రాములే. ఆ చదును ముఖాలు దేనికీ తగిలి ఏర్పడినవి కావు. లోపల ఒకదాన్నొకటి ఒత్తుకుని కూర్చున్నప్పుడు, పేలుడు తోపుకు ఇంకా గట్టిగా నొక్కుకున్నప్పుడు పడినవి. ఒకేచోట ఇన్ని దొరకడం కూడా దానికి తగినట్టే ఉంది. ఇటువంటి గుండ్లు పడిన నేలలో పేలని ఫిరంగి గుండ్లు కూడా ఉండవచ్చు. వందేళ్ళు గడిచినంత మాత్రాన వాటి ప్రమాదం తగ్గదు. ఇనప ముద్దలాంటిది ఏదైనా కనిపిస్తే కదపకుండా, చోటు గుర్తుపెట్టుకుని పోలీసులకు తెలపండి. మందు నింపిన ఇత్తడి గుల్లతో సహా దొరికే పేలని తూటాల విషయంలోనూ ఇంతే. తూటా గుర్తుపట్టాలన్న ఆత్రంతో గుల్లను ఊడదీయడం, పట్టుకారుతో నొక్కడం, వేడి చేయడం ఎన్నడూ చేయకండి.

ప్రశ్న: తూటా మీది తెల్లపూత పోవాలంటే వెనిగర్‌లో ఉప్పు కలిపి నానబెట్టమని ఒకరు చెప్పారు. చేయవచ్చా? ఇంకొక తూటా మీద పళ్ళ గాట్లున్నాయి. మత్తుమందు లేని రోజుల్లో గాయపడిన సైనికుడు నొప్పికి కొరికినదంటున్నారు, నిజమేనా?

జవాబు: వెనిగర్ వద్దే వద్దు. రంగులలో వాడే తెల్ల సీసాన్ని పూర్వం సీసపు రేకులను వెనిగర్ ఆవిరిలో ఉంచే తయారుచేసేవారు. మీరు తుడవాలనుకున్న దాన్నే అది ఇంకా పెంచుతుంది. గట్టిగా అంటిపెట్టుకున్న పూత లోపలి లోహానికి రక్ష. గాడుల గీతలు, అచ్చు గీత, గజం వలయం వంటి గుర్తులన్నీ ఆ పూత మీదే నిలిచి ఉంటాయి. పూత గీకితే అవీ పోతాయి. శుద్ధజలంలో ముంచిన మెత్తని కుంచెతో మట్టి మాత్రం తీసి, ఒత్తి తుడిచి, బాగా ఆరనివ్వండి. ఓక్ చెక్క పెట్టెలు, అట్టపెట్టెలు సీసానికి హాని చేసే ఆమ్లపు ఆవిరులను వదులుతాయి కాబట్టి పాలిథిన్ సంచిలోనో, ఆమ్లం లేని కాగితంలోనో ఉంచండి. వేలికి తెల్లని పొడి అంటుతోందంటే క్షయం ఇంకా సాగుతోందని గుర్తు. ఆ పొడి విషం. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పిల్లలకు అందనివ్వకూడదు.

పళ్ళ గాట్ల విషయంలో మీ మనసు నొప్పించవలసి వస్తోంది. నేల పెళ్ళగించి తినే పందులు నమిలిన తూటాలే వీటిలో ఎక్కువ. లోతైన, అడ్డదిడ్డమైన గుంటలు వాటివి. ఎలుక జాతి జంతువులైతే పక్కపక్కనే జంటగా సన్నని గీతలు చెక్కుతాయి. మత్తుమందులైన ఈథర్ 1846లో, క్లోరోఫాం 1847లో వైద్యంలోకి వచ్చాయి. అమెరికా అంతర్యుద్ధంలో శస్త్రచికిత్సలు చాలావరకు వాటి సాయంతోనే జరిగాయి. మనిషి పన్ను గుర్తు అని చెప్పాలంటే దవడ పళ్ళ వరుసకు ఆ గుంటలు సరిపోవాలి. మీ ఫోటోలో అవి చెల్లాచెదురుగా ఉన్నాయి.

ప్రశ్న: పదేళ్ళుగా ఏరిన తూటాలు నలభై దాకా ఒక డబ్బాలో ఉన్నాయి. అన్నీ పంపితే చూసి తేదీలు చెప్పగలరా?

జవాబు: పంపేముందు ఒక సంగతి వినండి. కొన్నేళ్ళ కిందట ఒక పెద్దాయన బిస్కెట్ల రేకు డబ్బా నిండా సీసపు గుండ్లు తెచ్చి నా బల్ల మీద పెట్టారు. మూత తీస్తే అడుగున బూడిద కలిసిన తెల్లని పొడి. ఏళ్ళ తరబడి ఒకదానితో ఒకటి ఒరుసుకుని గట్లన్నీ నునుపు తేలాయి. నూటికి పైగా ఉన్నాయి. ఒక్కొక్కటీ తూచాను. రెండు స్పష్టమైన గుంపులు తేలాయి, ఒకటి 25 గ్రాముల చుట్టూ, ఇంకొకటి 31 గ్రాముల చుట్టూ. అంటే ఎదురెదురుగా నిలిచిన రెండు దళాలు ఉండి ఉండాలి. ఏ గుంపు పొలానికి ఏ వైపున దొరికిందని అడిగాను. ఆయన చాలాసేపు ఆలోచించి, గుర్తు లేదన్నారు. ఆయన ముఖంలోని ఆ వెలితి నేను మరిచిపోలేదు.

అదే పని పద్ధతిగా చేసినచోట ఏం తెలిసిందో చూడండి. 1876లో అమెరికాలో సైన్యానికీ ఆదివాసులకూ మధ్య లిటిల్ బిగ్‌హార్న్ యుద్ధం జరిగిన మైదానంలో 1983లో గడ్డి తగలబడి నేల బయటపడింది. 1984, 1985లలో డగ్లస్ స్కాట్, రిచర్డ్ ఫాక్స్ నాయకత్వంలో పురావస్తు శాస్త్రవేత్తలు మెటల్ డిటెక్టర్లతో నడుస్తూ, దొరికిన ప్రతి తూటా, ప్రతి గుల్ల ఎక్కడ ఉన్నదో అక్కడే జెండా పాతి కొలిచి నమోదు చేశారు. ఆ గుర్తులను పోల్చి చూస్తే ఒక్కొక్క తుపాకి మైదానంలో ఎక్కడి నుంచి ఎక్కడికి కదిలిందో కూడా కొంతవరకు తెలిసింది. వారి తూటాలకూ ఆ డబ్బాలోని గుండ్లకూ లోహంలో తేడా లేదు, నమోదు చేయడంలోనే ఉంది.

కాబట్టి మీ నలభైని ఇప్పుడే విడదీసి వేర్వేరు సంచుల్లో పెట్టండి. ప్రతి సంచిలో ఒక చీటీ ఉంచి దాని మీద పొలం, పొలంలో ఏ మూల, తేదీ, లోతు, గ్రాములో పదోవంతు దాకా బరువు, పక్కన ఇంకేం దొరికిందీ పెన్సిలుతో రాయండి, సిరా తేమకు చెరిగిపోతుంది. కచ్చితంగా గుర్తున్నవే రాయండి, గుర్తులేని చోట ఖాళీ వదలండి. ఆ చీటీల నకళ్ళు నాకు పంపండి. తూటాలు మీ దగ్గరే ఉండనివ్వండి.